త్రాసు పద్ధతిలో బీజగణిత బోధన

త్రాసు పద్ధతిలో బీజగణిత బోధన అనగా రెండు తట్టల త్రాసును, మూటలు, అగ్గిపెట్టెలు, నాణేలు వంటి వస్తువులను ఉపయోగించి చిన్నపిల్లలకు సమీకరణాల మూలసూత్రాన్ని నేర్పే విధానం. ఇందులో సమీకరణం యొక్క రెండు పక్షాలకు త్రాసు తట్టలు ప్రతీకలు. సమాన చిహ్నానికి (=) నిటారుగా నిలిచిన త్రాసు ముల్లు ప్రతీక. తెలియని సంఖ్యను మూసిన మూట సూచిస్తుంది. సాధారణంగా 6 నుండి 12 సంవత్సరాల వయసు పిల్లలకు, అక్షరాలతో కూడిన బీజగణితం ప్రారంభం కాకముందే ఈ పద్ధతిని పరిచయం చేస్తారు. ఖరీదైన పరికరాలు అవసరం లేకపోవడం వలన గ్రామీణ పాఠశాలలకు ఇది అనుకూలమైనది. నెల్లూరు జిల్లా తీరప్రాంతంలోని అల్లూరు వంటి ఊళ్ళలో ధాన్యం, చేపలు, రొయ్యల తూకం నిత్యవ్యవహారం కనుక, పిల్లలకు ముందే పరిచయమున్న అనుభవం నుండి పాఠాన్ని మొదలుపెట్టవచ్చును.

అవసరం

ప్రాథమిక తరగతులలో పిల్లలు 5 + 3 = అన్న రూపంలో వందలకొద్దీ లెక్కలు చేస్తారు. ఆ లెక్కలన్నింటిలోనూ సమాన చిహ్నం తరువాత జవాబే వస్తుంది. దీనివలన "=" అంటే "ఇక్కడ జవాబు వ్రాయాలి" అనే ఆజ్ఞగా వారి మనస్సులో స్థిరపడుతుంది. "ఇటువైపున్నదీ అటువైపున్నదీ ఒకే విలువ" అనే అసలు అర్థం మరుగున పడుతుంది.

ఈ లోపాన్ని బయటపెట్టే ప్రసిద్ధమైన ప్రశ్న 8 + 4 = □ + 5. దీనికి సరియైన జవాబు 7. అమెరికాలో ఫాక్నర్, లెవీ, కార్పెంటర్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఈ ప్రశ్న ఇచ్చిన ఆరవ తరగతి విద్యార్థులు 145 మందిలో ఒక్కరు కూడా 7 అని చెప్పలేదు. అందరూ 12 అనో 17 అనో జవాబిచ్చారు. 12 అన్నవారు చతురస్రానికి ఎడమవైపున ఉన్నవాటిని మాత్రమే కూడారు. 17 అన్నవారు కనిపించిన అంకెలన్నింటినీ కూడారు. కూడిక రాకపోవడం వలన జరిగిన పొరపాటు కాదిది. చిహ్నానికి అర్థం తెలియకపోవడం వలన జరిగినది.

ఇదే అవగాహనతో ఉన్నత పాఠశాలకు చేరిన విద్యార్థికి 3య + 2 = య + 8 వంటి సమీకరణం అర్థరహితంగా కనిపిస్తుంది. అందులో "జవాబు" ఏ వైపున ఉన్నదో అతనికి తోచదు. అప్పుడు "ఎడమ పక్షంలోని కూడిక కుడి పక్షానికి వెళితే తీసివేత అవుతుంది" అనే పక్షాంతర నియమాన్ని కారణం తెలియకుండా కంఠస్థం చేస్తాడు. నియమం గుర్తున్నంతకాలం మార్కులు వస్తాయి. మరచిన నాడు లెక్క ఆగిపోతుంది. గణితం తనకు రాదన్న భావం చాలామంది పిల్లలలో ఈ దశలోనే మొదలవుతుంది. త్రాసు పద్ధతి ఈ చిక్కును ముందుగానే తొలగించడానికి ఉద్దేశించినది.

చరిత్ర

తెలియని రాశిని ఒక వస్తువుగా భావించడం భారతీయ గణితంలో చాలా పాతది. సా.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో సమాన సంపద గల ఇద్దరు వ్యక్తుల లెక్క ఉన్నది. ఇద్దరి వద్దా కొన్ని గుళికలు (విలువ తెలియని వస్తువులు), కొన్ని రూపకాలు (నాణేలు) ఉంటాయి. రూపకాల తేడాను గుళికల తేడాతో భాగిస్తే ఒక్క గుళిక విలువ వస్తుందని ఆర్యభటుడు సూత్రీకరించాడు. ఉదాహరణకు ఒకరి వద్ద 5 గుళికలు, 4 రూపకాలు. మరొకరి వద్ద 3 గుళికలు, 10 రూపకాలు ఉన్నాయనుకుంటే, రూపకాల తేడా 6, గుళికల తేడా 2. కనుక గుళిక విలువ 3 రూపకాలు. ఈ రెండు సంపదలను త్రాసు రెండు తట్టలలో ఉంచినట్లు ఊహించుకుంటే అదే నేటి తరగతి గదిలోని పాఠం.

బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సమీకరణాలను, ధన ఋణ రాశుల నియమాలను వివరించాడు. 1150 ప్రాంతానికి చెందిన భాస్కరాచార్యుని బీజగణితంలో తెలియని మొదటి రాశికి యావత్తావత్ అని పేరు. రెండవ రాశి మొదలుకొని కాలకం (నలుపు), నీలకం (నీలం), పీతకం (పసుపు), లోహితకం (ఎరుపు) అని రంగుల పేర్లు వాడేవారు. రెండు పక్షాల నుండి సమానమైన వాటిని తొలగించే ప్రక్రియను సమశోధనం అన్నారు.

అరబ్బీ గణితంలో 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథం శీర్షికలోని రెండు మాటలు ఈ ప్రక్రియలకు సంబంధించినవే. "అల్ జబ్ర్" అంటే తీసివేతగా ఉన్నదానిని రెండు పక్షాలకూ కలిపి పూర్తిచేయడం. "అల్ ముకాబలా" అంటే రెండు పక్షాలలోనూ ఉన్న సమాన రాశులను తొలగించడం. ఆంగ్లంలో బీజగణితానికి గల ఆల్జీబ్రా అనే పేరు మొదటి మాట నుండి వచ్చినది. సమాన చిహ్నాన్ని వేల్స్ దేశస్థుడైన రాబర్ట్ రికార్డ్ 1557లో ప్రవేశపెట్టాడు. రెండు సమాంతర రేఖలకంటే సమానమైనవి మరేవీ ఉండవన్నది ఆయన చెప్పిన కారణం.

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందినది పావులూరి మల్లన రచించిన సారసంగ్రహ గణితం. దీనినే పావులూరి గణితం అంటారు. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని గణితసార సంగ్రహం దీనికి మూలం. శాస్త్రాన్ని తెలుగువారి వ్యవహారానికి అనుగుణంగా చెప్పే సంప్రదాయానికి ఇది తొలి ఉదాహరణ.

వస్తువుల ద్వారా గణితం నేర్పడం ఆధునిక కాలంలో మాంటిస్సోరీ పద్ధతితో బలపడింది. మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. రెండు పదాల మొత్తం యొక్క ఘనాన్ని 8 చెక్క ముక్కలతో చూపే ద్విపద ఘనం ఆమె సామగ్రిలో ప్రసిద్ధమైనది. 1960లలో జెరోమ్ బ్రూనర్, జోల్టాన్ డీన్స్ హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్ళ పిల్లలు నలుగురికి చెక్క ముక్కలు, త్రాసు సహాయంతో వర్గ సమాసాలను పరిచయం చేశారు. చేతితో చేయడం, బొమ్మగా చూడడం, చిహ్నంగా వ్రాయడం అనే మూడు దశలను బ్రూనర్ ప్రతిపాదించాడు. అదే కాలంలో సోవియట్ యూనియన్‌లో డవిడోవ్, ఎల్కోనిన్‌ల బృందం మొదటి తరగతి పిల్లలకు అంకెలకంటే ముందే పొడవులు, బరువులు, ఘనపరిమాణాలను పోల్చడం నేర్పి, వాటిని అక్షరాలతో సూచింపజేసింది. 1980లలో అమెరికాకు చెందిన హెన్రీ బోరెన్సన్ త్రాసు బొమ్మ, చదరంగపు బంట్లు, అంకెలు గల ఘనాలతో "హ్యాండ్స్ ఆన్ ఈక్వేషన్స్" అనే బోధనా సామగ్రిని రూపొందించాడు. ఇందులో నీలి బంటు తెలియని రాశిని సూచిస్తుంది.

సామగ్రి

త్రాసులో ప్రధాన భాగాలు దండె, రెండు తట్టలు, ముల్లు. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చిన తరువాత రెండు తట్టల త్రాసు దుకాణాలలో అరుదైనది. కనుక దానిని బడిలోనే తయారు చేసుకోవచ్చును. ఒక అడుగు పొడవున్న చెక్క స్కేలుకు సరిగ్గా మధ్యలో, పై అంచుకు దగ్గరగా రంధ్రం చేసి దారంతో వేలాడదీయాలి. రెండు చివరలలో, మధ్య నుండి సమాన దూరంలో, రెండు కొబ్బరి చిప్పలను కట్టాలి. రంధ్రం పై అంచుకు దగ్గరగా ఉంటే దండె గరిమనాభి ఆధారానికి దిగువన ఉంటుంది. అప్పుడు దండె ఊగినా తిరిగి అడ్డంగా నిలబడుతుంది. రంధ్రం కింది అంచుకు దగ్గరగా ఉంటే స్కేలు తిరగబడుతుంది.

రెండు చిప్పల బరువు ఒకటిగా ఉండదు. తేలికగా ఉన్న వైపు చిన్న రాయిగాని, మట్టిముద్దగాని అంటించి సరిచేయాలి. ఇలా సరిచేసే బరువును వర్తకులు పాసంగం అంటారు. ఏ వస్తువూ ఉంచకముందే త్రాసు సమంగా నిలబడాలన్న విషయాన్ని పిల్లల చేతనే సరిచేయించడం మంచిది.

తూకానికి వాడే వస్తువులన్నీ ఒకే బరువు గలవై ఉండాలి. చింతగింజలు, గులకరాళ్ళు లెక్కించడానికి పనికివస్తాయి గాని, వాటి బరువులు ఒకటి కావు కనుక తూకానికి పనికిరావు. ఒకే కొలత గల ఇనుప నట్లు గాని, ఒకే కాలంలో ముద్రించిన రూపాయి నాణేలు గాని అనుకూలమైనవి. వేర్వేరు కాలాల రూపాయి నాణేల బరువులలో తేడా ఉన్నది.

తెలియని రాశికి గుడ్డ మూటలను గాని, ఖాళీ అగ్గిపెట్టెలను గాని వాడతారు. వీటికి సొంత బరువు ఉండడం ఒక చిక్కు. ఒక తట్టలో నాణేలున్న అగ్గిపెట్టెను ఉంచినప్పుడు, రెండవ తట్టలో అటువంటి ఖాళీ అగ్గిపెట్టెను ఉంచి పెట్టె బరువును సరిచేయాలి. చేపల బుట్టను తూచేవారు బుట్ట బరువును తరుగుగా తీసివేయడం ఇటువంటిదే. ఒక లెక్కలోని మూటలన్నింటిలోనూ ఒకే సంఖ్యలో నాణేలుండాలన్నది మరొక ముఖ్య నియమం.

బోధనా క్రమం

మొదటి దశ సమానత్వం. ఒక తట్టలో 4, 3 నాణేలు విడివిడిగా, రెండవ తట్టలో 5, 2 నాణేలు ఉంచుతారు. త్రాసు నిలుస్తుంది. పిల్లలు 4 + 3 = 5 + 2 అని వ్రాస్తారు. సమాన చిహ్నం తరువాత ఒకే సంఖ్య రావాలన్న నియమం లేదని ఇక్కడే తెలుస్తుంది. 7 = 4 + 3 అని కూడా వ్రాయించాలి.

రెండవ దశ అసమానత్వం. ఒక వైపు ఎక్కువగా ఉంచి త్రాసు వాలడం చూపుతారు. తిరిగి సమం చేయడానికి బరువైన వైపు నుండి తీయవచ్చును, తేలికైన వైపు చేర్చవచ్చును. రెండు మార్గాలున్నాయని పిల్లలే కనుగొంటారు.

మూడవ దశ సమశోధనం. సమంగా నిలిచిన త్రాసు రెండు తట్టల నుండి రెండేసి నాణేలు తీస్తే త్రాసు కదలదు. రెండింటికీ మూడేసి చేర్చినా కదలదు. ఒక్క వైపు మాత్రమే మార్చితే వాలిపోతుంది. ఈ పరిశీలనే సమీకరణ సాధనకు పునాది. ఉపాధ్యాయుడు ప్రతిసారీ వస్తువును తీయడానికి ముందు "ఇప్పుడు ఏమవుతుంది?" అని అడిగి, పిల్లల ఊహను విన్న తరువాతనే తీయాలి.

నాలుగవ దశ తెలియని రాశి. ఒక తట్టలో మూట, 3 నాణేలు. రెండవ తట్టలో 8 నాణేలు ఉంటాయి. మూట విప్పకుండా అందులో ఎన్ని నాణేలున్నవో చెప్పాలి. రెండు వైపులా 3 నాణేలు తీస్తే మూటకు ఎదురుగా 5 మిగులుతాయి. తరువాత మూట విప్పి లెక్కపెడతారు. ఈ సరిచూడడాన్ని ఎప్పుడూ విడిచిపెట్టకూడదు. జవాబు సరియైనదో కాదో ఉపాధ్యాయుడు చెప్పనవసరం లేకుండా మూటయే చెబుతుంది.

ఐదవ దశలో త్రాసును పక్కన పెట్టి దాని బొమ్మను పలకపై గీస్తారు. మూటకు చిన్న వృత్తం, నాణేనికి గీత వాడి, రెండు వైపులా సమానమైన వాటిని కొట్టివేస్తారు. ఆరవ దశలో బొమ్మ పక్కనే అక్షరంతో సమీకరణం వ్రాస్తారు. వస్తువు నుండి బొమ్మకు, బొమ్మ నుండి అక్షరానికి వెళ్ళడానికి వారాల వ్యవధి అవసరమవుతుంది. ఈ రెండు మెట్లను దాటవేసి నేరుగా అక్షరాలకు వెళితే త్రాసు ఆటగానే మిగిలిపోతుంది.

ఉదాహరణలు

మొదటి ఉదాహరణ: ఎడమ తట్టలో 2 మూటలు, 1 నాణెం, కుడి తట్టలో 7 నాణేలు. రెండు వైపులా ఒక్కొక్క నాణెం తీస్తే 2 మూటలకు 6 నాణేలు సమానం. వాటిని రెండు సమభాగాలు చేస్తే మూటకు 3. అక్షరాలలో: 2య + 1 = 7, 2య = 6, య = 3.

రెండవ ఉదాహరణ: ఎడమ తట్టలో 3 మూటలు, 2 నాణేలు, కుడి తట్టలో 1 మూట, 8 నాణేలు. ముందుగా రెండు వైపులా ఒక్కొక్క మూట తీయాలి. 2 మూటలు, 2 నాణేలకు 8 నాణేలు సమానం. రెండేసి నాణేలు తీస్తే 2 మూటలకు 6, మూటకు 3. సరిచూసినప్పుడు ఎడమవైపు 9 + 2 = 11, కుడివైపు 3 + 8 = 11. మూటలో ఎన్ని ఉన్నాయో తెలియకపోయినా దానిని రెండు వైపుల నుండీ తీయవచ్చునన్న విషయం పిల్లలకు కొత్తది. అంకగణితం నుండి బీజగణితంలోకి వేసే అడుగు ఇదే.

మూడవ ఉదాహరణ తీరప్రాంత వ్యవహారం నుండి: ఒకే బరువు గల రెండు రొయ్యల బుట్టలు, 2 కిలోల రాయి ఒక తట్టలో ఉన్నాయి. అటువంటి ఒక బుట్ట, 9 కిలోల రాళ్ళు రెండవ తట్టలో ఉన్నాయి. త్రాసు నిలిచింది. రెండు వైపులా ఒక బుట్ట, 2 కిలోలు తీస్తే బుట్ట బరువు 7 కిలోలు అని తేలుతుంది.

నెల్లూరు జిల్లాలో

అల్లూరు పెన్నా నదికి ఉత్తరాన, బంగాళాఖాతానికి సమీపంలో ఉన్న మండల కేంద్రం. వరి సాగు, చేపలు, రొయ్యల పెంపకం ఈ ప్రాంతపు ముఖ్య జీవనాధారాలు. తూకానికి పూర్వం ధాన్యాన్ని కొలిచేవారు. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి ఆనాటి కొలతలు. 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మెట్రిక్ పద్ధతి అమలులోకి వచ్చింది. అయినప్పటికీ పెద్దల మాటలలో పాత కొలతల పేర్లు ఇంకా వినబడుతుంటాయి. "మూడు మానికలు, రెండు తవ్వలు ఒక కుంచానికి సమానం" వంటి వాక్యాలు సమానత్వాన్ని చర్చించడానికి ఉపకరిస్తాయి.

ప్రాథమిక పాఠశాలలలో కృత్యాధార బోధనకు ఆంధ్ర ప్రదేశ్‌లో గట్టి పునాది ఉన్నది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మొదలైన ఆంధ్ర ప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, పిల్లలు చేసి నేర్చుకోవాలన్న సూత్రాన్ని ఉపాధ్యాయ శిక్షణలో ప్రవేశపెట్టింది. తరువాత 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డి.పి.ఇ.పి.) మొదటి దశ రాష్ట్రంలో అయిదు జిల్లాలలో ప్రారంభమైనది. వాటిలో నెల్లూరు ఒకటి. ఈ పథకంలో బోధనాభ్యసన సామగ్రి తయారీకి ప్రతి ఉపాధ్యాయునికి సంవత్సరానికి 500 రూపాయలు ఇచ్చేవారు. స్థానికంగా దొరికే వస్తువులతో సామగ్రి తయారు చేయడం ఉపాధ్యాయులకు దీనివలన అలవాటైనది. స్కేలు, కొబ్బరి చిప్పల త్రాసు ఈ కోవకే చెందుతుంది.

పాఠ్యపుస్తకాలలో త్రాసు ఆలస్యంగానే కనిపించేది. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళిక చట్రం ఆధారంగా ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన 6వ తరగతి పుస్తకం బీజగణితాన్ని అగ్గిపుల్లల అమరికలతో మొదలుపెట్టింది. త్రాసు ఉపమానం 7వ తరగతి సరళ సమీకరణాల అధ్యాయంలో వచ్చింది. ఈ పుస్తకాల స్థానంలో 2024లో 6వ తరగతికి, 2025లో 7వ తరగతికి "గణిత ప్రకాశ్" పుస్తకాలు వచ్చాయి. అయితే 7వ తరగతిలో బొమ్మగా చూసే త్రాసుకు, 2వ తరగతిలో చేతితో తూచిన త్రాసుకు తేడా ఉన్నది. సమాన చిహ్నంపై తప్పు భావన స్థిరపడేది తొలి తరగతులలోనే కనుక, త్రాసు అవసరం కూడా అక్కడే ఎక్కువ.

పరిమితులు

త్రాసు పద్ధతి అన్ని సమీకరణాలకూ వర్తించదు. య + 5 = 3 అనే సమీకరణంలో య విలువ −2. శూన్యంకంటే తక్కువ బరువున్న మూటను ఎవరూ తయారు చేయలేరు. 2య − 3 = 7 లోని తీసివేతను కూడా తట్టలో నేరుగా చూపడం సాధ్యం కాదు. బెల్జియంకు చెందిన జోయెల్ వ్లాసిస్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు వైపులా ఒకే పని చేయాలన్న సూత్రాన్ని త్రాసు చక్కగా నేర్పుతుందని, ఋణ సంఖ్యలు వచ్చినప్పుడు విద్యార్థులు తడబడతారని తేలింది. బోరెన్సన్ సామగ్రిలో ఋణ రాశికి తెల్ల బంటును వాడి ఈ ఇబ్బందిని దాటడానికి ప్రయత్నించారు. కాని అక్కడ త్రాసు నిజమైన త్రాసుగా ఉండదు, నియమాలు గల ఆటగా మారుతుంది.

మరొక ప్రమాదం అక్షరాన్ని వస్తువుగా భ్రమపడడం. "మూ" అని వ్రాస్తే అది మూట అనే వస్తువుకు పొడి అక్షరమని పిల్లలు అనుకోవచ్చును. అక్షరం సూచించేది మూటలోని నాణేల సంఖ్యను మాత్రమే. అందువలన వస్తువు పేరుతో సంబంధం లేని అక్షరాన్ని ఎంచుకోవడం మేలు. మూటలోని సంఖ్యను లెక్క లెక్కకూ మార్చుతూ ఉండాలి. లేనిచో మూట అంటే ఎప్పుడూ 3 అని పిల్లలు నిర్ణయించుకుంటారు.

అలాగే యథార్థమైన త్రాసులో రాపిడి ఉంటుంది. ఒక నాణెం తేడా ఉన్నా దండె కదలకపోతే తప్పు సమానత్వం కనిపిస్తుంది. వస్తువులు తేలికగా ఉన్న కొలదీ ఈ ఇబ్బంది ఎక్కువ. పాఠానికి ముందు ఉపాధ్యాయుడు త్రాసును పరీక్షించుకొనవలెను.

ఈ కారణాల వలన త్రాసును శాశ్వత సాధనంగా కాక తొలి మెట్టుగా భావించాలి. సమాన చిహ్నం అర్థం, రెండు పక్షాలకూ ఒకే మార్పు, జవాబును సరిచూడడం అనే మూడు అలవాట్లు స్థిరపడిన తరువాత త్రాసును పక్కన పెట్టవచ్చును. ఋణ సంఖ్యల పాఠం ప్రారంభమయ్యే సమయం దీనికి తగినది. పక్షాంతర నియమాన్ని కూడా అప్పుడే చెప్పాలి. రెండు తట్టల నుండి ఒకే బరువు తీసి చూసిన విద్యార్థికి ఆ నియమం కంఠస్థం చేయవలసిన వాక్యంగా ఉండదు. తన చేతితో చేసిన పనికి అది సంక్షిప్త రూపమని అతడు గ్రహిస్తాడు.